ఇంకో రెండు వారాలు అని చెప్పినవాణ్ణి

ఇళ్లు కట్టే పనిలో ముప్పయ్యేళ్లు ఉన్నాను. చెప్పిన తేదీకి పూర్తయిన ఇల్లు ఒక్కటీ చూడలేదు. తేదీ చెప్పినవాడు సిగ్గుపడటమూ చూడలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరకొస్తారు. పునాది లోతెంత, కమ్మీ ఎలా కట్టాలి, ఇసుకలో మన్ను ఉందో లేదో ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. ఆర్నెల్లు సైటు మీద ఎండలో నిలబడితే అవన్నీ వాటంతటవే వస్తాయి. ఆలస్యం గురించి మాత్రం ఒక్కడూ అడగడు. అదేదో వడగళ్లలాగ పైనుంచి పడుతుందని అందరి నమ్మకం. కాదు. ఆలస్యాన్ని మనుషులే తయారుచేస్తారు, ఇటుకబట్టీ పెట్టినంత శ్రద్ధగా. నేనూ చేశాను. అందుకే రాస్తున్నాను.

ప్లాంటు దొరకనివాడి ఉద్యోగం

మాది బొబ్బిలి దగ్గర పల్లె. సివిల్ డిప్లొమా చేతపట్టుకుని, మా వైపు వాళ్లందరిలాగే స్టీలు ప్లాంటులో ఉద్యోగం వస్తుందని భిలాయి రైలెక్కాను. రాలేదు. ప్లాంటులో ఉద్యోగం వచ్చినవాళ్లకి ఇళ్లు కట్టించే ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో సైటు సూపర్‌వైజర్‌గా చేరాను. అది డెబ్భైల చివరి మాట.

ప్లాంటు మనిషికి ఒక విచిత్రమైన జబ్బు ఉండేది. పాతికేళ్లు ప్లాంటు ఇచ్చిన సెక్టారు క్వార్టర్లో ఉంటాడు. ముందు జామచెట్టు వేస్తాడు, వెనక కరివేపాకు వేస్తాడు. ఆ ఇల్లు తనది కాదన్న సంగతి మర్చిపోతాడు. రిటైర్‌మెంటుకి ఏడాది ముందు గుర్తొస్తుంది. అప్పుడు కంగారుగా భిలాయి-3 స్టేషను అవతల ఒక ప్లాటు కొని, మా ఆఫీసుకి పరిగెత్తుకొస్తాడు. మాకు కావలసింది అదే. తొందరలో ఉన్నవాడు ఏం చెప్పినా నమ్ముతాడు.

మా ఆఫీసు యజమాని వెంకట్రావు గారు. ఎక్కడో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయన సైటుకి రావడం నేను మూడుసార్లకి మించి చూడలేదు. చెప్పుల కింద మురుం మట్టి ఎర్రగా అంటుకుంటుందని ఆయన బాధ. నేను చేరిన మొదటి వారమే కూర్చోబెట్టి నాకు విద్య నేర్పారు.

"చూడు మూర్తీ, ఇంటివాడికి తేదీ చెప్పకు. కారణం చెప్పు. తేదీ తప్పితే నిలదీస్తాడు. కారణం చెబితే జాలిపడతాడు."

"మరీ గట్టిగా అడిగితే, సార్?"

"రెండు వారాలని చెప్పు. వారమంటే నమ్మరు, నెలంటే ఏడుస్తారు. రెండు వారాలకి ఎవరూ పోట్లాడరు."

ఆ మాటని నేను వేదంలా పట్టుకున్నాను. మా దగ్గర కారణాలు ఋతువుల్ని బట్టి ఉండేవి. చలికాలం సిమెంటు దొరకదు. ఎండాకాలం నీళ్లు దొరకవు. వానాకాలం కూలీలు దొరకరు. ఏడాదిలో మిగిలిన రోజుల్లో ఇల్లు కట్టేవాళ్లం.

కాంట్రాక్టరు అప్పలనాయుడు. విజయనగరం మనిషి, మాటకారి. మూడిళ్లకి సరిపడా మనుషుల్ని పెట్టుకుని ఏడిళ్లు ఒప్పుకునేవాడు. గట్టిగా అరిచినవాడి ఇంట్లో నాలుగు రోజులు గోడలు లేచేవి. ఈలోగా ఇంకొకడు అరిచేవాడు, కూలీలు అటు వెళ్లేవాళ్లు. మర్యాదగా ఉన్నవాడి ప్లాటులో ఇటుకల మీద గడ్డి మొలిచేది. దీన్ని అతను 'మేనేజ్‌మెంటు' అనేవాడు.

ఇళ్లవాళ్లనీ ఊరికే వదలను. ప్రతి ఆదివారం బావమరిదిని వెంటబెట్టుకొచ్చి కిటికీని రెండడుగులు పక్కకి జరపమనేవాళ్లు, కట్టిన మెట్లు వాస్తుకి పనికిరావని కొట్టించేవాళ్లు, వాళ్లూ తక్కువ తినలేదు. కానీ నేను చెప్పబోయేది అలాంటి మనిషి గురించి కాదు. ఆమె ఒక్క ఇటుక కూడా జరపమనలేదు. ఒకే ఒక్కటి అడిగింది. అదే మేం ఇవ్వలేదు.

గ్రేసమ్మ గారు

ప్లాంటు ఆస్పత్రిలో సీనియర్ నర్సు. ఊరు భీమిలి. పెళ్లి చేసుకోలేదు. తల్లి చిన్నప్పుడే పోతే, పదిహేనేళ్లు పెద్దదైన అక్క దీనమ్మ గారు పెంచి, నర్సు చదువు చదివించింది. ఉద్యోగం రాగానే ఈమె ఆ అక్కని భిలాయి తెచ్చుకుంది. క్వార్టర్లో ఇద్దరే. అక్కకి ఒంట్లో బాగుండదని మాత్రం తెలుసు. అంతకుమించి నేను అడగలేదు. ఆ రోజుల్లో నేను ఎవరినీ ఏదీ అడిగేవాణ్ణి కాదు. చెప్పడమే నా పని.

దీపావళి వెళ్లిన వారానికి ముగ్గు పోశాం. భిలాయి-3 అవతల మూల ప్లాటు. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. కొలతలు చూసుకున్నాక ఆమె నన్ను పక్కకి పిలిచింది.

"మూర్తి గారూ, వచ్చే సెప్టెంబరాఖరుకి నా రిటైర్‌మెంటు. ఇల్లు ఎప్పటికి అవుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆలస్యమయితే ఆలస్యమనే చెప్పండి. నేనేటీ అనుకోను. తెలిస్తే ఇంకో ఏర్పాటు చూసుకుంటాను."

"వానలకి ముందే గృహప్రవేశం అయిపోతుందమ్మా," అన్నాను, టేపు చుట్టుకుంటూ.

"మాది గృహప్రవేశం కాదండీ, ఇంటి ప్రార్థన," అని నవ్వింది. "అయితే జూన్‌కి."

"జూన్‌కే."

అప్పటికి నాయుడి చేతిలో ఏడిళ్లున్నాయని నాకు తెలుసు. ఈమెది ఎనిమిదోది. నా నోరు ఒక్క క్షణమైనా తడబడిందేమోనని ఇప్పటికీ వెతుక్కుంటాను. తడబడలేదు.

సిమెంటు

క్రిస్మస్‌కి పునాదులు లేచాయి. జనవరిలో కూలీలు మాయమయ్యారు. ఆమె ఫస్ట్ షిఫ్టు దిగి టెంపోలో వచ్చి, ఇటుకల దొంతర మీద కూర్చుని, ఖాళీ ప్లాటు చూసుకుని వెళ్లేది. కేకలేసే మనిషి కాదు. అందుకే ఆమె ప్లాటులో గడ్డి మొలిచింది.

అప్పట్లో సిమెంటు పర్మిట్ మీద తప్ప దొరికేది కాదు. ఎన్నిసార్లు అడిగినా నాది ఒకటే పాట: పర్మిట్ రాలేదు, రెండు వారాలు. మార్చిలో ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. నేనూ నాయుడూ ప్లాటు దగ్గరే ఉన్నాం.

"సిమెంటు వచ్చిందా మూర్తి గారూ?"

"ఇంకా లేదమ్మా. పర్మిట్ ఆఫీసు వాళ్ల సంగతి మీకు తెలుసు కదా. ఇంకో రెండు వారాలు..."

"నేను ఆ ఆఫీసు నుంచే వస్తున్నాను. లైన్లో నిలబడి అడిగాను. గుమాస్తా పాపం రిజిస్టరు తీసి చూపించాడు. నా పేరు మీది సిమెంటు నాయుడు గారు సంతకం పెట్టి ఎప్పుడో తీసుకెళ్లారు. ఎక్కడికెళ్లింది?"

నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. సిమెంటు ఎక్కడికెళ్లిందో నాకు తెలుసు. ఒక పెద్దాఫీసరు ఇంటి పైకప్పులోకి వెళ్లింది. ఆయన గట్టిగా అరిచే రకం. వెంకట్రావు గారికీ తెలుసు.

నాయుడికి మాత్రం చెమట కూడా పట్టలేదు. "సిమెంటుదేటుందమ్మా, అది వత్తాది, ఎల్తాది. మీ ఇల్లెక్కడికీ ఎల్లిపోదు కదా!"

"ఇల్లు వెళ్లదు నాయుడు గారూ. మనుషులు వెళ్తారు," అందామె.

ఏదో నర్సుల వేదాంతం అనుకున్నాను. సాయంత్రం ఆఫీసులో సంగతి చెబితే వెంకట్రావు గారు నవ్వారు. "దొరికిపోయావా? ఒక్క కారణం పెట్టుకుంటే ఇంతే. ఎప్పుడూ రెండుండాలయ్యా." తప్పు జరిగిందని కాదు ఆయన బాధ, నేను సరిగ్గా దాచలేదని.

నాట్లు

దొరికిపోయిన సిగ్గుకి ఏప్రిల్, మే నెలల్లో కాస్త పని నడిచింది. ద్వారబంధాల పై వరుస దాకా గోడలు లేచాయి. జూన్ వచ్చింది. వానలూ వచ్చాయి. ఇల్లు రాలేదు. జూలైలో మళ్లీ పని నిలిచిపోయింది.

ఈసారి కారణం పాతదే, పటిష్ఠమైనది. మేస్త్రీ బిసాహు, అతని గుంపు హరేలీ పండగకని ఊరెళ్లారు, అటునుంచి అటే నాట్లలో దిగారు. "ఈ ఛత్తీస్‌గఢీ వాళ్లింతేనమ్మా. నాలుగు చినుకులు పడితే పొలమే గానీ పనుండదు," అన్నాను. మన తెలుగువాళ్లం నలుగురం కూర్చుంటే ఎప్పుడూ వాళ్ల గురించి అనుకునే మాటే అది. నిజమో కాదో ఎవరూ ఎప్పుడూ వెళ్లి చూడలేదు.

గ్రేసమ్మ గారు వెళ్లి చూద్దామంది.

"బిసాహు ఊరేది?"

"నందిని దాటి ఎక్కడో అండి."

"ఆదివారం పోదాం. మీరూ రండి."

తప్పించుకోడానికి నా దగ్గర రెండో కారణం లేకపోయింది. ఆగస్టులో ఒక ఆదివారం బస్సెక్కి నందిని దాకా వెళ్లి, అక్కణ్ణించి గట్ల మీద నడిచాం. రెండు వైపులా పొలాలు పచ్చగా నిలబడి ఉన్నాయి. నాటు వేస్తున్న మనిషి ఒక్కడూ కనిపించలేదు. నేను గమనించాను. ఆమె అంతకుముందే గమనించి ఉంటుంది.

బిసాహు వాకిట్లో కూర్చుని మంచానికి తాడు అల్లుతున్నాడు. మమ్మల్ని చూసి గాభరాగా లేచాడు. అతని భార్య దులారీ మా సైటులోనే రేజా, అంటే తట్టలు మోసే కూలి. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి మా ముందు పెట్టింది.

"నాట్లు అవలేదా భయ్యా?" అని అడిగింది గ్రేసమ్మ గారు హిందీలో.

"ఎప్పుడో అయిపోయాయి దీదీ. పన్నెండు రోజుల పని."

"మరి రాలేదేం?"

బిసాహు నా వైపు చూశాడు, నేనేదో చెబుతానని. తర్వాత మెల్లగా అన్నాడు. "నాయుడు సేఠ్ సెలవిచ్చాడు. కబురు పంపేదాకా రావద్దన్నాడు. కబురు రాలేదు. వేరే పనికి పిలిచారు గానీ, దీదీ ఇల్లు సగంలో ఉందని వెళ్లలేదు."

దులారీ ఊరుకోలేదు. "ఇంట్లో కూర్చుని బాసీ తింటున్నాం," అంది. బాసీ అంటే రాత్రి నీళ్లలో వేసిన చద్దన్నం. "పని లేదని మేమేడుస్తుంటే, మనుషులు లేరని అక్కడ మీరేడుస్తున్నారా?"

నాయుడు పెద్ద సైటుకి వేరే గుంపుని పెట్టుకున్నాడు. వీళ్లని పిలిస్తే ఈ ఇంటి పని చేయించాలి. పిలవకపోతే ఆలస్యాన్ని నాట్ల మీదకి తోసెయ్యొచ్చు. అంతే లెక్క.

తిరుగు బస్సెక్కాం. నందిని సున్నపురాయి గనుల తెల్లటి దుమ్ము దాటాక ఆమె అడిగింది.

"బిసాహు ఊళ్లో ఖాళీగా కూర్చున్నాడని మీకు తెలుసా మూర్తి గారూ?"

"తెలీదండి. ఒట్టు."

"మీ ఉద్యోగం అది తెలుసుకోవడమే కాదేటండీ?"

ఆ ప్రశ్నకి జవాబు ఈ వ్యాసం. ఇంతకాలం పట్టింది.

తొమ్మిదో రోజు

గ్రేసమ్మ గారు రమ్మనడంతో మర్నాడే బిసాహు గుంపు దిగింది. వాళ్ల చేతుల్లో పని ఎంత వేగంగా నడిచిందంటే, అన్ని నెలలు మేం ఏం చేశామో చూసేవాళ్లకెవరికైనా అర్థమయ్యేంత వేగంగా. ఆగస్టు చివర వాన తెరిపిచ్చిన రోజు చూసి స్లాబు పోశాం.

కొత్తవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చదవండి. వరండా మీది స్లాబు గోడలోంచి అయిదడుగులు గాల్లోకి వస్తుంది. కింద స్తంభాలుండవు. దాన్ని మోస్తూ నిలబెట్టిన కర్రల్ని అక్కడ బల్లీలంటారు. వాటిని కనీసం రెండు వారాలు ముట్టుకోకూడదు. వానాకాలం ఇంకా ఆగితే మంచిది. ప్రతిదానికీ రెండు వారాలని అబద్ధం చెప్పిన మేం, నిజంగా రెండు వారాలు ఆగాల్సిన ఆ ఒక్క చోట ఆగలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నాయుడు వచ్చాడు. "బాబూ, బల్లీలు తీయించీండి. అమ్మగారు తొందర పడతన్నారు కదా, వరండా గచ్చు పని మొదలెట్టీద్దాం."

అతనికి గచ్చు పని కాదు కావలసింది. ఆ బల్లీలు, వాటి మీద స్లాబు కింద పరిచిన రేకులు ఇంకో సైటుకి కావాలి. ఆ సంగతి నాకు తెలుసు. ముందురోజు వెంకట్రావు గారు ఆఫీసులో చూచాయగా చెప్పారు. అంటే ఆమె కోసం మేం చూపించిన తొందర కూడా ఇంకొకరి తొందరే.

బిసాహు స్లాబు కింద చెయ్యి పెట్టి చూశాడు. "అభీ కచ్చా హై సాహెబ్, పచ్చిగానే ఉంది. ఇంకా వారమైనా ఉండనీండి."

"ఊడదియ్," అన్నాను.

"సాహెబ్..."

"నాకు చెబుతావా? ఊడదియ్."

మొదటి వరుస తీశారు. ఏం కాలేదు. నేను నాయుడి వైపు చూసి తలాడించాను. రెండో వరుసలో మూడో కర్ర తీస్తుండగా, గోడ అంచున సన్నగా గీత కనిపించింది. బిసాహు "హటో!" అని అరిచి, కిందున్న దులారీని తోసేశాడు. స్లాబు ముందుకి వంగి, ఒక్కసారిగా దిగిపోయింది. అంచు అతని కుడిచెయ్యి మీద పడింది.

గ్రేసమ్మ గారు అప్పుడే టెంపో దిగింది. గొడుగు అక్కడే పడేసి వచ్చింది. నాయుడు ఎటు పోయాడో తెలియదు. నేను ఏదో అరుస్తున్నాను.

"అరవకండి," అందామె. "ఆ చెక్క తెండి. ఇలా పట్టుకోండి. కదపకండి."

సెంట్రింగ్ చెక్క పెట్టి, తన కొంగు చింపి కట్టు కట్టింది. అదే టెంపోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది. మోచేతి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఆమె ఆ రోజు కూలిన తన వరండా వైపు తలెత్తి చూడటం నేను చూడలేదు.

సంతకం

రెండో రోజు వెంకట్రావు గారు ఉత్తరం టైపు చేయించి నా ముందు పెట్టారు. గ్రేసమ్మ గారికి రాసిన వివరణ. మేస్త్రీ సూపర్‌వైజరు అనుమతి లేకుండా, సొంత నిర్ణయంతో బల్లీలు తొలగించినందువల్ల ప్రమాదం జరిగిందనీ, అందువల్ల పని మరికొంత ఆలస్యం కావచ్చనీ ఉంది.

"సంతకం పెట్టు."

"సార్, నేనే కదా..."

"నువ్వే అయితే నీ ఉద్యోగం ఉంటుందా? వాడికి పోయేదేముంది? పేరా, ప్రతిష్ఠా?"

పెట్టాను. వీరుడిలా పెన్ను విసిరికొట్టానని రాసుకోవచ్చు. ఇప్పుడు కాదనేవాళ్లెవరూ లేరు. కానీ పెట్టాను, తేదీతో సహా. అన్నేళ్లలో నేను ఖచ్చితంగా వేసిన తేదీ అదొక్కటే.

ఆదివారం గ్రేసమ్మ గారి నుంచి కబురొచ్చింది, కూలీలుండే క్యాంప్ 2 బస్తీకి రమ్మని. అక్కడ ఇరుకు సందులో బిసాహు బావమరిది ఇల్లు. బిసాహు చేతికి పిండికట్టుతో మంచం మీద కూర్చున్నాడు. దులారీ గుమ్మంలో ఉంది. గ్రేసమ్మ గారు సంచిలోంచి ఆ ఉత్తరం తీసి, నన్ను కూర్చోమని, దాన్ని మొదటి వాక్యం నుంచి చివరి దాకా హిందీలో చదివి వినిపించింది. కోపంగా కాదు. వార్డులో మందుల చీటీ చదివినట్టు.

బిసాహు విని, తల దించుకుని అన్నాడు. "సాహెబ్ రాశారంటే అలాగే అయ్యుంటుంది దీదీ."

అతను తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

దులారీ మాత్రం గుమ్మంలోంచి లేచి నా ముందుకొచ్చింది. "నేను కిందే ఉన్నాను సాహెబ్, తట్ట పట్టుకుని. 'నాకు చెబుతావా' అని మీరన్నారు. నా చెవులతో విన్నాను. ఆ మాట ఈ కాగితంలో ఎక్కడుంది? చూపించండి."

తెల్లకాగితం ఒకటి అడిగాను. ఆ మంచం పట్టె మీదే పెట్టుకుని రాశాను: మేస్త్రీ వద్దన్నాడు, నేనే తీయించాను, తొమ్మిదో రోజున. రాసి గ్రేసమ్మ గారికి ఇవ్వబోయాను.

"నాకెందుకండీ? నాకు తెలుసు కదా. మీ సారుకివ్వండి."

ఇచ్చాను. వెంకట్రావు గారు రెండుసార్లు చదివి, "హరిశ్చంద్రుడి కొలువు ఇక్కడ లేదు, ఇంకెక్కడైనా చూసుకో," అన్నారు. సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది. నాయుడు కూలిన స్లాబు సాకుతో ఆ ఇల్లే వదిలేసి పోయాడు. దానికీ ఏదో కారణం చెప్పే ఉంటాడు.

అయిదు నెలలు

వారం తర్వాత గ్రేసమ్మ గారే నా గదికి వచ్చింది.

"మిగిలిన పని మీరు చేయించండి. బిసాహు చెయ్యి ఆడకపోయినా పక్కన నిలబడి చూసుకుంటానన్నాడు."

నమ్మలేకపోయాను. "ఇంత జరిగాక కూడా నన్నెలా నమ్ముతున్నారమ్మా?"

"నమ్మి కాదండీ. ఈ ఇంట్లో తప్పులెక్కడెక్కడున్నాయో మీకంటే బాగా ఎవరికి తెలుసు? ఎన్నాళ్లు పడుతుంది?"

నాలుక చివరిదాకా రెండు వారాలు వచ్చాయి. అలవాటు అలాంటిది. ఆగి, వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. విరిగింది తీసెయ్యాలి, మళ్లీ పొయ్యాలి, ఆరాలి, గచ్చు, తలుపులు, కరెంటు.

"అయిదు నెలలు."

ఆమె ఒక్క నిమిషం కదలకుండా నిలబడింది. "సరే. అయితే అద్దె గది చూసుకోవాలి," అని వెళ్లిపోయింది. అంతే. ఆ నిజం చెప్పడానికి నేను ఏడాది భయపడ్డాను. దానికి పట్టింది ఒక్క నిమిషం.

సెప్టెంబరాఖరున రిటైరయింది. క్వార్టరు గడువు నవంబరుతో తీరింది. క్యాంప్ 2లో, బిసాహు వాళ్లుండే సందు పక్కనే ఒక గది తీసుకుంది. దీనమ్మ గారు అప్పటికే నడవలేదు. ఆమెని మంచంతో సహా నలుగురు కూలీలు మోసుకెళ్లి ఆ గదిలో దించారు. నేనూ ఒక పట్టె పట్టాను. అసలు బరువే లేదు.

జనవరిలో ఆ గదిలోనే ఆవిడ పోయింది. సమాధి కార్యక్రమానికి మా కూలీలందరూ వచ్చారు. ఒక రోజు పని ఆపాం. రెండో రోజు పొద్దున్నే గ్రేసమ్మ గారు సైటులో ఉంది. "ఇవాళ తలుపులు పెడతామన్నారు కదా," అంది.

అయిదు నెలలన్నది అయిదున్నర అయింది. నేల మీద పరిచే ఫర్సీ రాయి కొలతలో నేను తప్పు చేశాను, మళ్లీ కోయించాల్సొచ్చింది. తప్పు తెలిసిన రోజే ఆమెకి చెప్పాను: "నాదే పొరపాటు, పదిహేను రోజులు ఎక్కువ పడుతుంది." "సరే," అంది. పదిహేనో రోజుకి అయింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకి పైగా ఆ ఊళ్లోనే సొంతంగా పని చేయించాను. ఎన్నో ఇళ్లు. కొన్ని ఆలస్యమయ్యాయి. వానకి ఆగాయి, ఒకసారి నిజంగానే సిమెంటుకి ఆగాయి. ఆగిన ప్రతిసారీ అదే రోజు వెళ్లి చెప్పాను. తిట్టినవాళ్లున్నారు. పని మాన్పించినవాడు కూడా ఒకడున్నాడు. వెంకట్రావు గారి ఆఫీసు మాత్రం నా ఆఫీసు కంటే ఎక్కువ కాలం, ఎక్కువ బాగా నడిచింది. నిజం చెబితే పని పెరుగుతుందని మీకెవరైనా చెబితే నమ్మకండి. పెరగదు. అయినా చెప్పాలి. ఎందుకన్నది ఆ ఇల్లు అప్పగించిన రోజున తెలిసింది.

అప్పగించిన రోజు

మార్చి రెండో వారం. ఇంటి ప్రార్థన అయిపోయి, అందరూ వెళ్లిపోయారు. బిసాహు, దులారీ పెరట్లో మిగిలిన ఇసుక ఎత్తుతున్నారు. గ్రేసమ్మ గారు గదులన్నీ ఒకసారి తిరిగి, వరండాలో నిలబడింది. ధైర్యం తెచ్చుకుని అన్నాను.

"ఇల్లు ఇంత ఆలస్యం చేసినందుకు క్షమించండమ్మా."

"ఇల్లు ఆలస్యమయినందుకు కాదండీ నా బాధ," అంది. "మీరు ముగ్గు పోసే ముందే డాక్టరు గారు నన్ను పిలిచి చెప్పారు. అక్కకి ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. నర్సుని కదా, నాకే తెలుస్తుందిలే అని ఆయన వదిలెయ్యలేదు. తిన్నగా చెప్పారు. అక్కనడిగాను, ఏం చేద్దామని. 'ఇల్లు జూన్‌కి అయిపోతుందంటే ఇక్కడే ఉందాం, మనదంటూ ఒక ఇంట్లో పోతాను. అవదంటే భీమిలి తీసుకుపో, సముద్రం చూసుకుంటూ పోతాను' అంది. అందుకే మిమ్మల్ని తేదీ అడిగాను. జనవరిలో అడిగాను, మార్చిలో అడిగాను. ప్రతిసారీ రెండు వారాలన్నారు. రెండు వారాల కోసం ఆమెని రైల్లో అంత దూరం ఎందుకు కుదపడం అనుకున్నాను. తర్వాత తర్వాత, కుదపడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదు."

చావు తేదీ చెప్పడానికి ఆ డాక్టరు భయపడలేదు. ఇంటి తేదీ చెప్పడానికి నేను భయపడ్డాను.

ఆమె కళ్లు తుడుచుకుని, లోపలికెళ్లి, వంటింట్లోంచి పిలిచింది.

"మూర్తి గారూ, ఈ కిటికీ రెక్క పడటం లేదండీ. ఎప్పుడొస్తారు?"

వెళ్లి చూశాను. చెక్క కాస్త ఉబ్బింది. చిత్రిక పట్టాలి. ఆ వేళకి వడ్రంగి దొరకడు.

"రేపు పొద్దున ఎనిమిదింటికి," అన్నాను.

ఎనిమిదింటికి వెళ్లాను. ఆమె తలుపు తీసి ఉంచింది.